చివరి రాత్రి చలిమంట దగ్గర కలవని స్నేహితురాళ్ళ కథలు ఉన్నాయా?

వేపపూత

మా అమ్మాయికి 13 ఏళ్ళు. న్యూజెర్సీలో ఉంటాం. రెండో తరగతి నుంచి తనకు ఒక ప్రాణస్నేహితురాలు ఉంది, మూడిళ్ళ అవతలే. ఈ వేసవిలో ఇద్దరూ పట్టుబట్టి పెన్సిల్వేనియాలోని పోకనో కొండల్లో ఒక క్యాంపుకు వెళ్ళారు. రెండు వారాలు. ఒకే క్యాబిన్ కావాలని ఫారంలో ఒకరి పేరు ఒకరు రాసుకున్నారు. అక్కడ ఫోన్లు అనుమతించరు. మాకు వచ్చినవి రెండు ఉత్తరాలు. మొదటి ఉత్తరం నిండా "మేము". రెండో ఉత్తరం నిండా "నేను". అది చదవగానే నా గుండెలో కలుక్కుమంది.

తీసుకురావడానికి వెళితే రెండు గంటల దారిలో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గొడవేమీ జరగలేదట. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదట. "తనకు వేరేవాళ్ళు దొరికారు" అని ఒక్క మాట చెప్పి మా అమ్మాయి గదిలోకి వెళ్ళిపోయింది. పెట్టె సర్దుతుంటే బట్టల మధ్య, క్యాంపుల్లో స్నేహితురాళ్ళ కోసం అల్లే దారపు గాజు ఒకటి సగంలో ఆగి కనబడింది. పిన్నీసు ఇంకా దానికే గుచ్చి ఉంది.

అప్పటి నుంచి లైబ్రరీలో క్యాంపు నవలలు తెచ్చుకుని వరసపెట్టి చదువుతోంది. ఆరో ఏడో అయ్యాయి. నేనూ నాలుగు చదివాను. నాలుగింట్లోనూ ఇద్దరు అమ్మాయిలు విడిపోతారు, గాలివాన వస్తుంది లేదా ఎవరో అడవిలో తప్పిపోతారు, ఒకరినొకరు కాపాడుకుంటారు, చివరి రాత్రి మంట చుట్టూ అందరూ పాడుతుంటే వీళ్ళిద్దరూ కౌగిలించుకుంటారు. మొన్న పుస్తకం మూసి నన్ను అడిగింది: "నాకు ఆ చివరి రాత్రి ఎందుకు రాలేదమ్మా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకాల మీద కోపం మాత్రం వచ్చింది. కలవకుండా ముగిసే కథ ఒక్కటైనా ఉందా? తెలుగులో ఉంటే ఇంకా మంచిది, నేను చదివి వినిపిస్తాను.

మధ్యబెంచి

"మొదటి ఉత్తరం మేము, రెండో ఉత్తరం నేను." ఈ ఒక్క వాక్యంలో నవల ఉందండి.

పాతపుస్తకాల_అటక

ఆ చివరి రాత్రి మంట రచయిత్రులు కల్పించింది కాదు, క్యాంపులే పెట్టుకున్న ఆచారం. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీ కోపం కొంత తగ్గవచ్చు.

అమెరికాలో మొదటి క్యాంపుగా చాలామంది చెప్పేది 1861 నాటిది. కనెక్టికట్‌లో గన్ అనే ప్రధానోపాధ్యాయుడు తన విద్యార్థులను సముద్రపు ఒడ్డుకు నడిపించుకెళ్ళి రెండు వారాలు డేరాల్లో ఉంచాడు. అమ్మాయిల కోసమని ప్రత్యేకంగా ఊపందుకున్నది మాత్రం 1900 తర్వాతే. 1910లో గ్యూలిక్ దంపతులు క్యాంప్ ఫైర్ గర్ల్స్ సంస్థకు పునాది వేశారు. మంట ఆ పేరులోనే ఉంది చూడండి. మెయిన్ రాష్ట్రంలో సెబాగో సరస్సు పక్కన వాళ్ళ క్యాంపు పేరు వొహీలో. వర్క్, హెల్త్, లవ్ అనే మూడు మాటల మొదటి రెండేసి అక్షరాలు కలిపి అల్లిన పేరది. 1912 మార్చి 12న జూలియట్ గోర్డన్ లో అనే ఆవిడ సవానా నగరంలో 18 మంది అమ్మాయిలతో గర్ల్ స్కౌట్స్ మొదలుపెట్టింది.

ఆ దశాబ్దంలోనే అమ్మాయిల క్యాంపు నవలలు వరుసలు వరుసలుగా వచ్చాయి. ఆడపిల్ల పడవ నడపగలదు, కట్టెలు పేర్చి మంట వేయగలదు, ఇంటికి దూరంగా నిద్రపోగలదు అని చూపించడమే వాటి ప్రధాన ఉద్దేశం. స్నేహమంటే అక్కడ జట్టు. జట్టు విడిపోతే ఉద్దేశమే దెబ్బతింటుంది కాబట్టి చివరికి కలపక తప్పదు. ఆ అచ్చు వందేళ్ళుగా అలాగే నడిచి వస్తోంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సంస్థల దుస్తుల్లో, సభల్లో, పేర్లలో అమెరికా ఆదివాసుల ఆచారాలను ఎవరినీ అడగకుండా తీసుకుని వాడుకున్నారు. పాత నవలల నిండా అదే. అందుకే చరిత్ర కోసం వాటిని నేను చదువుతాను తప్ప పిల్లల చేతికి ఇవ్వను.

రెండో_బెర్తు

వేపపూత గారితో నేను ఏకీభవించలేను. పదమూడేళ్ళ పిల్ల పుస్తకంలో ఆశ వెతుక్కుంటుంటే ఆ పుస్తకం మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. నిజజీవితంలో కలవలేదు కాబట్టే పుస్తకంలో కలవడం కావాలి ఆ పిల్లకు. మనం చిన్నప్పుడు చందమామ చదవలేదా? విడిపోయిన వాళ్ళు చివరికి కలవకపోతే నిద్ర పట్టేదా?

వేపపూత

చందమామలో రాకుమారుడు మా పక్కింటివాడు కాదు కదండి. రాక్షసుడు మళ్ళీ వచ్చి నాతో స్నేహం చేస్తాడా అని నేనెప్పుడూ ఎదురుచూడలేదు. మా అమ్మాయి రోజూ పొద్దున ఒకే బస్సు స్టాపులో ఆ పిల్ల పక్కన నిలబడుతోంది. పుస్తకం చెప్పేది నమ్మి, గాలివాన ఎప్పుడు వస్తుందా అని చూస్తోంది.

చింతచిగురు

మా ఇంట్లో వేసవి క్యాంపు అంటే అమ్మమ్మ ఊళ్ళో ఆవకాయ రోజులే. పిల్లలను కనిపెట్టుకుని ఉండే కౌన్సిలరు అమ్మమ్మ. ఈల బదులు గరిటె. ముక్కలు తుడవడానికి కూర్చోబెట్టిన పిల్లల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలనే తగాదా మాత్రం అచ్చం ఇలాగే ఉండేది.

సరస్సు_ఒడ్డు

నేను అమెరికాలోనే పుట్టాను, తెలుగు రాయడం బామ్మ నేర్పింది. ఏడేళ్ళు క్యాంపుకు వెళ్ళాను, రెండు వేసవులు కౌన్సిలరుగా పనిచేశాను. వేపపూత గారి అమ్మాయికి జరిగింది నేను కళ్ళారా చూశాను, ఒకసారి కాదు.

సరస్సులో ఈతకు దిగే చోట ఒక చెక్కపలక ఉంటుంది. దాన్ని బడ్డీ బోర్డు అంటారు. ప్రతి పిల్లకూ తన పేరు రాసిన గుండ్రటి బిళ్ళ ఒకటి. నీళ్ళలోకి దిగే ముందు ఇద్దరేసి వచ్చి ఒకే మేకుకు రెండు బిళ్ళలు తగిలించాలి. మధ్యమధ్యలో మేము ఈల ఊదుతాం. వెంటనే ఎవరి జంట చేయి వాళ్ళు పట్టుకుని పైకెత్తాలి, మేము లెక్కపెట్టాలి. ఇది ప్రాణాలు కాపాడే పద్ధతి, నేను దాన్ని ఒక్క మాట కూడా అనను. కానీ రోజూ మధ్యాహ్నం ఎవరు ఎవరిని ఎంచుకున్నారో క్యాంపు మొత్తానికి తెలిసిపోయే చోటు కూడా అదే. ముగ్గురు కలిసి తిరిగే జట్టులో ఒక బిళ్ళ ఎప్పుడూ మిగిలిపోతుంది. ఆ పిల్ల బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, పలక ముందు నిలబడి, మేకులన్నీ చదువుతున్నట్టు నటిస్తుంది. నిజానికి ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తుంటుంది. నేను గట్టుమీద నుంచి ఆ వీపు చూసి గుర్తుపట్టేదాన్ని.

నేను చూసినంతలో కలిసి వచ్చిన జంటలే ఎక్కువ విడిపోతాయి. ఒంటరిగా వచ్చిన పిల్ల ఎలాగైనా ఒకరిని వెతుక్కోవాలి, వెతుక్కుంటుంది. జంటగా వచ్చిన వాళ్ళలో ఒకరికి కొత్త మనిషిగా మారాలని ఉంటుంది, రెండోవారికి పాత మనిషి పక్కన ఉంటే చాలనిపిస్తుంది. బడిలో తను ఏమిటో తెలిసిన ఒకే ఒక్క సాక్షి ఆ స్నేహితురాలు. మారాలనుకున్న పిల్లకు ఆ సాక్షి అడ్డం. అందులో ద్వేషం లేదు. మీ అమ్మాయి చెప్పింది నిజమే అయ్యుంటుంది: గొడవేమీ జరగలేదు.

సగం అల్లిన గాజు సంగతి చదివి ఏడుపొచ్చింది. ఆరు రంగుల ఎంబ్రాయిడరీ దారాలు, పై కొసలు ముడివేసి, మోకాలి దగ్గర ప్యాంటుకు పిన్నీసుతో గుచ్చుకుని అల్లుతారు. ఒక్కో ముడి రెండుసార్లు వేయాలి, లేకపోతే వరస మెలితిరుగుతుంది. చేయి తిరిగిన వాళ్ళకే ఒక సాయంత్రం పడుతుంది. తను ఎవరి కోసం మొదలుపెట్టిందో, ఏ రోజు ఆపేసిందో ఆ ముళ్ళకు తెలుసు.

మధ్యబెంచి

"ఒకే ఒక్క సాక్షి." ఇది మా అక్కకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండో_బెర్తు

సరస్సు_ఒడ్డు గారూ, ఇది చదివాక నా వాదన కొంచెం సడలింది. కానీ ఒకటి అడుగుతాను. ఆ బిళ్ళ మిగిలిన పిల్లకు మీరేం చెప్పేవారు?

సరస్సు_ఒడ్డు

ఏమీ చెప్పేదాన్ని కాదు. మరో కౌన్సిలరు గట్టుమీదకు రాగానే నా బిళ్ళ తెచ్చి ఆ పిల్ల బిళ్ళ పక్కన తగిలించి, తనతో నీళ్ళలోకి దిగేదాన్ని.

నీలిగోరింట

పుస్తకాలు అడిగారు కాబట్టి పుస్తకాలు చెబుతాను. పిల్లల విభాగంలో పనిచేస్తాను, ఈ పేర్లు రోజూ నా చేతుల మీదుగా వెళతాయి. మూడూ బొమ్మల నవలలే.

కేలా మిల్లర్ రాసిన "క్యాంప్", 2019. ఆలివ్, విల్లో అనే ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి క్యాంపుకు వెళతారు. ఆలివ్ ఇట్టే అందరితో కలిసిపోతుంది. విల్లో కలవలేక, ఆలివ్ కొంగు పట్టుకుని తిరుగుతుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఇద్దరికీ ఊపిరాడదు. మీ సమస్య ఇదే. కాకపోతే రచయిత్రి వదిలి వెళ్ళాలనుకున్న పిల్ల వైపు నుంచి చెప్పింది. అందుకే మీ అమ్మాయికి ఇది అవసరమని నా అభిప్రాయం. అవతలి పిల్ల తల లోపల ఏం జరిగిందో ఇందులో కనబడుతుంది. పదమూడేళ్ళకు కాస్త చిన్నపిల్లల పుస్తకంలా అనిపిస్తే అనిపించనివ్వండి.

వెరా బ్రాస్గోల్ రాసిన "బీ ప్రిపేర్డ్", 2018. రష్యా నుంచి వచ్చిన కుటుంబం, ఒంటరి తల్లి, డబ్బు చాలదు. స్నేహితులంతా ఖరీదైన క్యాంపులకు పోతుంటే వెరా రష్యన్ పిల్లల క్యాంపుకు వెళుతుంది. అక్కడైనా తనలాంటి వాళ్ళ మధ్య ఇమిడిపోవచ్చని ఆశ. తీరా డేరాలో తనకన్నా చాలా పెద్దవాళ్ళయిన ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరి పేరూ సాషాయే, వాళ్ళు ఇదివరకే ఒకరికొకరు. మన భాష మాట్లాడేవాళ్ళ మధ్యకు వెళితే చాలు, స్నేహం దానంతటదే దొరుకుతుందనే మన తల్లిదండ్రుల నమ్మకాన్ని ఈ పుస్తకం సున్నితంగా కదిలిస్తుంది. తెలుగు సంఘాల పిల్లల శిబిరాలకు పంపే ప్రతి తల్లీ చదవాలి.

మూడోది క్యాంపు కథ కాదు, సరస్సు పక్కన వేసవి ఇళ్ళ కథ. మారికో తమాకీ, జిలియన్ తమాకీ కలిసి చేసిన "దిస్ వన్ సమ్మర్", 2014. ప్రతి వేసవిలో కలిసే రోజ్, విండీ. ఒకరికి మరొకరు ఏడాదిన్నర చిన్న. ఆ ఏడాదిన్నర ఈ ఒక్క వేసవిలోనే హఠాత్తుగా పెద్ద దూరమవుతుంది. మరుసటి ఏడాది దీనికి అమెరికాలో పిల్లల, టీనేజీ పుస్తకాలకిచ్చే గౌరవాలు కాల్డెకాట్ ఆనర్, ప్రింట్జ్ ఆనర్ రెండూ వచ్చాయి. కాల్డెకాట్ గౌరవం దక్కిన మొదటి గ్రాఫిక్ నవల ఇదే. తల్లి దుఃఖం, గర్భం, పెద్దపిల్లల తగవులు ఉన్నాయి, ముందు మీరు చదవండి. గాలివాన లేదు. కౌగిలింత లేదు. వేసవి అయిపోతుంది, కారెక్కుతారు.

వేపపూత

మూడు పుస్తకాలూ కావాలని లైబ్రరీలో పేరు రాయించాను. "వదిలి వెళ్ళాలనుకున్న పిల్ల వైపు నుంచి" అన్నారే, అది నాకు తట్టనే లేదు. ఇన్నాళ్ళూ నేను కూడా మా పిల్ల వైపు కిటికీలోంచే చూస్తున్నాను.

కంచుగజ్జె

అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. ఇవి డబ్బున్నవాళ్ళ కథలు. రాత్రి ఉండే క్యాంపులు వారానికి వెయ్యి డాలర్లు దాటే చోట్లు ఎన్నో. ఆ పడవలు, ఆ క్యాబిన్లు ఎంతమంది పిల్లలకు అందుతాయి? వెరా కథ ఒక్కటే ఆ మాట ఎత్తినట్టుంది.

పాతపుస్తకాల_అటక

నిజమే. కానీ మొదటి నుంచీ ఆ గోడకు తలుపులు కూడా ఉన్నాయి. న్యూయార్క్ పేద పిల్లలను పల్లెగాలికి పంపే ఫ్రెష్ ఎయిర్ ఫండ్ 1877లో మొదలైంది, ఇప్పటికీ ఖర్చు లేకుండా క్యాంపులు నడుపుతోంది. స్కౌట్లకూ, చర్చిలకూ చవక క్యాంపులున్నాయి. నవలల్లో ఆ పిల్లలు తక్కువ కనబడతారన్న మీ ఫిర్యాదు మాత్రం న్యాయం.

అన్నట్టు, క్యాంపులో కలిసిన ఇద్దరు అమ్మాయిల కథ ఒకటి తెలుగువాళ్ళందరికీ తెలుసు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదంతే. జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ 1949లో రాసిన నవలలో ఇద్దరు ఆడపిల్లలు వేసవి శిబిరంలో ఎదురుపడి, తాము కవలలమని తెలుసుకుని, ఇళ్ళు మార్చుకుంటారు. దాన్ని 1961లో హాలీవుడ్ తీసింది. 1965లో తమిళంలో, 1966లో తెలుగులో "లేత మనసులు"గా, 1968లో హిందీలో వచ్చింది. తెలుగులో ఆ రెండు పాత్రలూ కుట్టి పద్మిని.

చింతచిగురు

లేత మనసులా! మా అమ్మమ్మకు ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. "జర్మనీ వాళ్ళా? ఆ పిల్లలు మన పిల్లల్లాగే ఏడ్చారే" అంది.

ఖాకీ_రిబ్బను

తెలుగులో ఉంటే ఇంకా మంచిదన్నారు వేపపూత గారు. అసలు తెలుగులో క్యాంపు నవల ఎందుకు లేదు? క్యాంపులు లేక కాదు. 1994 డిసెంబరులో విజయనగరం జిల్లాలో ఎన్.సి.సి. క్యాంపు, పది రోజులు. నాకు పద్నాలుగేళ్ళు. ఒక బెడ్డింగు, ఒక పళ్ళెం, ఒక మగ్గు. ఇంటికి దూరంగా పడుకోవడం అదే మొదటిసారి.

రాత్రిపూట ఇద్దరిద్దరికి కాపలా పడేది. నాకు జంటగా పడిన అమ్మాయిది తుని. నాది శ్రీకాకుళం వైపు. రెండు నుంచి నాలుగు గంటల దాకా మా వంతు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే తను తన మఫ్లరు సగం విప్పి నా మెడకు చుట్టింది, మిగతా సగం తన మెడకే ఉంది. అలా ఒకే మఫ్లరులో ఇద్దరం, కదిలితే ఇద్దరం కదలాలి. ఆ రెండు గంటల్లో మా అమ్మకు కూడా చెప్పని మాటలు తనకు చెప్పాను. మా నాన్న తాగుడు గురించి మొదటిసారి పైకి అన్నది ఆ రాత్రే. తను జాలి పడలేదు. "మా ఇంట్లో బాబాయి" అంది, అంతే.

తర్వాత నాలుగు ఇన్‌లాండ్ లెటర్లు నడిచాయి. ఐదోదానికి జవాబు రాలేదు. తనను మళ్ళీ చూడలేదు. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఎవరైనా పిల్ల మనసు విప్పి ఏదైనా చెబితే, జాలి పడకుండా వినడం నాకు తను నేర్పిందే.

రెండో_బెర్తు గారూ, మేము "కలవలేదు". అయినా అది సగంలో ఆగిన స్నేహమని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. అది పది రోజుల స్నేహం. పది రోజులూ నిండుగా ఉంది. మీ అమ్మాయిది, వేపపూత గారూ, ఆరేళ్ళ స్నేహం. ఆరేళ్ళూ నిండుగానే ఉండి ఉంటుంది. చివరి రెండు వారాలు వచ్చి ఆ ఆరేళ్ళను ఎత్తుకుపోలేవు.

రెండో_బెర్తు

నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లోనూ పన్నెండేళ్ళ పిల్ల ఉంది. ఎప్పుడూ "మీరిద్దరూ మాట్లాడుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అనే చెబుతూ వచ్చాను.

తెల్లకాగితం

ఖాకీ_రిబ్బను గారు అడిగిన దానికి నా జవాబు. మన కథల్లో ఆడపిల్ల స్నేహితురాలికి తనదంటూ కథ ఉండదు. ఆమె చెలికత్తె. ఉత్తరం చేరవేయాలి, విసనకర్ర వీచాలి, నాయకుడి గురించి నాయిక నోట పలికించాలి.

అభిజ్ఞాన శాకుంతలం తీసుకోండి. అనసూయ, ప్రియంవద, శకుంతల. ఒకే ఆశ్రమం, ఒకే వయసు, మొక్కలకు నీళ్ళు పోస్తూ పరాచికాలు. దుర్వాసుడి శాపం విన్నది ఆ ఇద్దరే. సున్నితమైన మనిషి, తట్టుకోలేదని శకుంతలకు చెప్పకూడదనుకుంటారు. ఎంత పెద్ద రహస్యం! ఇద్దరు అమ్మాయిలు మూడో అమ్మాయి కోసం మోసిన బరువు అది. నాలుగో అంకంలో శకుంతల అత్తవారింటికి బయలుదేరుతూ, వీళ్ళు ఇక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతారా అని తండ్రి కణ్వుణ్ణి అడుగుతుంది. కణ్వుడేమంటాడు? వీళ్ళకూ పెళ్ళి చేయాలి, అక్కడికి రావడం తగదంటాడు. అంతే. తర్వాతి మూడు అంకాల్లో ఆ ఇద్దరూ మళ్ళీ రంగం మీదకు రారు. ఉంగరం దొరికిందో లేదో వాళ్ళకు ఎవరు చెప్పారు? నాకు చిన్నప్పటి నుంచీ అదే బెంగ.

మధ్యబెంచి

అయితే విడిపోయి కలవని కథ మన దగ్గర ఎప్పటి నుంచో ఉందన్నమాట. వాళ్ళ వైపు నుంచి ఎవరూ చెప్పలేదంతే.

సుద్దముక్క

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. నేను ఒక కస్తూర్బా బాలికా విద్యాలయంలో పాఠాలు చెబుతాను. చదువులో వెనుకబడిన మండలాల ఆడపిల్లల కోసం 2004లో వచ్చిన పథకం, అక్కడే ఉండి చదువుకుంటారు. బడి పేరు, ఊరి పేరు చెప్పను.

మీరంతా మాట్లాడుతున్న కథ మా దగ్గర తిరగబడి ఉంటుంది. మీ పిల్లలు వేసవిలో కలుస్తారు. మా పిల్లలు వేసవిలో విడిపోతారు. పది నెలలు ఒకే గదిలో, పక్కపక్క చాపల మీద, ఒకరి జడ ఒకరు వేసుకుంటూ ఉంటారు. ఏప్రిల్ 23 వస్తుంది. మధ్యాహ్నం నుంచి గేటు దగ్గర తండ్రులు, మేనమామలు, ఆటోలు. సాయంత్రానికి గదులు ఖాళీ. మళ్ళీ జూన్ 12. ఈ యాభై రోజుల్లో ఎవరి ఇంట్లో ఏం నిర్ణయమవుతుందో ఎవరికీ తెలియదు. పనికి వలస వెళ్ళే ఇళ్ళున్నాయి, సంబంధం చూసే ఇళ్ళున్నాయి. జూన్‌లో హాజరు పిలుస్తుంటే పిల్లలు నా వైపు చూడరు, తలుపు వైపు చూస్తారు.

మూడేళ్ళ కింద ఏడో తరగతిలో ఇద్దరు ఉండేవారు. వెళ్ళే రోజు ఒకమ్మాయి తన ట్రంకు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి రెండో అమ్మాయి చేతిలో పెట్టింది. "నా దగ్గరుంటే పారేసుకుంటాను, జూన్‌లో ఇద్దువు గాని" అంది. నేను పక్కనే ఉన్నాను. రెండో అమ్మాయి ఆ చెవిని తన మొలతాడుకు కట్టుకుంది. జూన్‌లో ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది.

వేపపూత గారూ, మీ కోపం నాకు అర్థమైంది. చివరి రాత్రి మంట మా పిల్లలకూ లేదు. ఎందుకంటే అది చివరి రాత్రి అని వాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పరు.

సరస్సు_ఒడ్డు

నేను ఏడు వేసవులు ఏడ్చాను, క్యాంపు అయిపోయిందని. అది చివరి రోజని నాకు ప్రతిసారీ తెలుసు.

కంచుగజ్జె

సుద్దముక్క గారూ, ఇది ఎవరైనా రాయాలి. మీరే రాయండి. "మంచి పుస్తకం" సంస్థ లాంటి పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు ఉన్నారు, తెలుగులో పిల్లల నవలలకు పోటీలు కూడా జరుగుతున్నాయి. మళ్ళీ ఒక అనువాదం కాదు, ఇది కావాలి.

సుద్దముక్క

నాకు హాజరు పట్టీ రాయడమే వచ్చండి.

ఖాకీ_రిబ్బను

నేను రాస్తాను, మీరు ఒప్పుకుంటే. నాలుగు పేజీలు ఇప్పటికే రాశాను, నిజం చెబుతున్నాను, నిన్న రాత్రి పడుకోలేదు. పేర్లు, ఊళ్ళు అన్నీ మార్చేస్తాను. ఎక్కడా అబ్బాయి ఉండడు, పెళ్ళి ఉండదు, గాలివాన ఉండదు. పిల్లలిద్దరూ, తాళంచెవి. మీరు చదివి తప్పులు చెప్పాలి.

నీలిగోరింట

అబ్బాయి లేకపోతే కథేముంది అనే వాళ్ళు వస్తారు, పట్టించుకోకండి. మా లైబ్రరీలో పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ అమ్మాయిలు అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ప్రేమ గురించి కాదు. "నా స్నేహితురాలు నాతో మాట్లాడటం మానేసింది, అలాంటి పుస్తకం ఉందా?" గొంతు తగ్గించి అడుగుతారు. ప్రేమ పుస్తకాలైతే మామూలు గొంతుతోనే అడుగుతారు.

వేపపూత

వారం తర్వాత వచ్చాను. "క్యాంప్" ఒక్క పూటలో చదివేసింది. అయ్యాక ఏమీ అనలేదు. రాత్రి అన్నం తింటూ "నేను విల్లోలాగా చేశానా?" అంది. కొంచెం చేసి ఉంటావు అన్నాను. అబద్ధం చెప్పకూడదనిపించింది. "తనకు ఊపిరాడలేదేమో" అంది తనే. బస్సు స్టాపులో ఇప్పుడు ఇద్దరూ పలకరించుకుంటున్నారు. అంతవరకే, అంతకు మించి ఏమీ లేదు. దాన్ని నేను పెద్దది చేసి చూడటం మానేశాను.

సుద్దముక్క గారు రాసింది చదివి వినిపించాను. తనకు తెలుగు వినడం బాగా వచ్చు. మొలతాడు అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. అంతా విని రెండు ప్రశ్నలు అడిగింది, మీకే పంపుతున్నాను. ఒకటి, ఆ అమ్మాయి తర్వాతైనా వచ్చిందా? రెండు, రెండో అమ్మాయి ఆ పెట్టె తెరిచి చూసిందా?

ఖాకీ_రిబ్బను

నాకూ ఇవే కావాలి. ఇంకొకటి: ట్రంకు పెట్టెల మీద పేర్లు ఎవరు రాస్తారు? సుద్దతోనా, రంగుతోనా?

సుద్దముక్క

రాలేదు. ఉన్న ఒక్క ఫోను నంబరు ఆ జూన్ నుంచే పలకడం లేదు. మేము ఊరికి వెళితే ఇంటికి తాళం ఉంది, బెంగళూరు వైపు పనికి వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు.

పెట్టె తెరవలేదు. వార్డెనమ్మ ఒకసారి అడిగింది, లోపల బట్టలు పాడవుతాయి, తెరిచి ఎండలో వేద్దామని. "అది నాది కాదు మేడం" అంది. ఈ ఏడాది పదో తరగతి అయిపోయి వెళుతూ తాళంచెవి నాకు ఇచ్చింది. నా బల్ల సొరుగులో ఉంది.

పేర్లు రంగుతోనే రాస్తారు, పిల్లలే రాసుకుంటారు. తెల్ల రంగు. పైన పేరు, కింద ఊరు, దాని కింద తరగతి. ఏటా జూన్‌లో పాత అంకె మీద నల్లరంగు పూసి కొత్త అంకె వేసుకుంటారు. ఒకరిది ఒకరు దిద్దుతారు, వంకర పోయిందని పోట్లాడుకుంటారు. ఆ పెట్టె మీద ఇంకా 7 ఉంది.